చెయ్యి అడ్డం

ఆ ఎండాకాలం నాకు ఫోన్ పిచ్చి పట్టిందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. అనుకోవడమేంటి, మా అబ్బాయి మొహం మీదే అనేశాడు. "నీకంటే కాలేజీ పిల్లలు నయమమ్మా" అని. నేను పట్టించుకోలేదు. అరవై దాటాక మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి. లేకపోతే మందుబిళ్ళల వేళలు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

ఆ పిచ్చి పేరు చిలక. అసలు పేరు వేరే ఉంది కానీ, మిల్లులో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒట్టి వాగుడుకాయ కాబట్టి చిలక. నన్ను పుల్ల అనేవాళ్ళు. ఇప్పుడు నన్ను చూసి ఆ మాట ఎవరూ నమ్మరనుకోండి.

బట్టల మిల్లులో మా ఇద్దరి మగ్గాలూ ఎదురెదురు వరసల్లో ఉండేవి. పెళ్ళిళ్ళు కాకముందు చేరాం, మిల్లుకి తాళం పడేదాకా ఉన్నాం. తర్వాత ఎవరి బతుకు వాళ్ళది. చిలక కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ ఇన్నేళ్ళకి ఆ కూతురే ఎక్కడెక్కడి నంబర్లన్నీ పోగేసి పాతవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. మొదట్లో సంతలా ఉండేది. ఒకళ్ళ మాట ఒకళ్ళు విననివ్వరు. ఆ తర్వాత ఒకావిడకి కంటి ఆపరేషన్, ఇంకొకావిడకి మనవరాలి చదువు, మరొకావిడ పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపి మళ్ళీ మర్నాటి పువ్వుదాకా పత్తా ఉండదు. ఒకావిడ ఏకంగా పోయింది. ఎండలు ముదిరేసరికి మిగిలింది మేమిద్దరం.

ఒక సంగతి చెప్పకపోతే ఈ కథ మీకు తలాతోకా లేకుండా ఉంటుంది. మగ్గాల షెడ్డులో చెవి దగ్గర నోరుపెట్టి అరిచినా వినపడదు, అంత మోత. అందుకని మాకొక మిల్లుమాట ఉండేది. గొంతు ఎత్తకుండా, పెదవులు పెద్దగా కదిపి, ఒక్కొక్క మాటా విడదీసి నోటితో చూపించడం. ఆ చివరి మగ్గం మనిషి ఈ చివరి మగ్గం మనిషికి తన అత్తగారి భాగోతం మొత్తం చెప్పుకోవచ్చు. మధ్యలో సూపర్‌వైజర్ నిలబడి ఉన్నా ఏమీ తెలియదు పాపం. అన్నీ ఆయన గురించే అయినా సరే.

దానికొక మర్యాద కూడా ఉంది. ఫలానా మాట ఎవరైనా చూడకూడదనుకుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. అడ్డం పెట్టారంటే అది మనకి కాదని అర్థం, మొహం తిప్పేసుకోవాలి. అడ్డం పెట్టకుండా అన్నారంటే షెడ్డు మొత్తానికి చెప్పినట్టే. తర్వాత "నిన్నుద్దేశించి కాదులే" అంటే ఎవరూ ఊరుకునేవాళ్ళు కాదు. నా చెయ్యి అడ్డానికి పనికిరాదని చిలక ఏడిపించేది. నా ఎడమచేతి ఉంగరం వేలు సగమే ఉంటుంది. "ఆ సందులోంచి గుట్టంతా కారిపోతోందే పుల్లా, కుడిచెయ్యి పెట్టుకో" అనేది.

మిల్లు నా వేలు సగమే తిన్నా, చెవులు మాత్రం దాదాపు పూర్తిగా తినేసింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మాటలు సగం చెవులతో, సగం కళ్ళతో వింటాను. మా కోడలికి ఆ సంగతి తెలుసు. నామీద విసుక్కోవాలనిపిస్తే ముందు స్టవ్ వైపు తిరిగి, నాకు వీపు చూపించి, అప్పుడు విసుక్కుంటుంది. ఆ వీపు నేను రోజూ చూస్తాను. అయినా చెప్పుకోవాలి కదా, అదీ ఒక మర్యాదే.

ఇక ఫోన్ సంగతి. రోజూ భోజనాలయ్యాక, ఎండకి వీధంతా తలుపులేసుకున్న వేళ, నా గదిలో కిటికీ గట్టు మీద ఫోన్ ఆనించి కూర్చునేదాన్ని. చిలక మొహం తెర నిండా వచ్చేది.

"ఏమే పుల్లా, తిన్నావా?"

"తిన్నానే. నీ జుట్టేంటి అలా నిగనిగలాడుతోంది?"

"రంగేసింది మా అమ్మాయి. ఎలా ఉన్నాను?"

"బూట్ల పాలిష్ ఒలకబోసుకున్నట్టున్నావు."

"నీ నోరు పడ! నీకేం, ఉన్న నాలుగు వెంట్రుకలకి రంగెందుకులే."

ఇలా మొదలై మిల్లులోకి వెళ్ళిపోయేవాళ్ళం. సూపర్‌వైజర్ విగ్గు ఫ్యాన్ గాలికి ఎగిరి నూలు బుట్టలో పడిన రోజు, మేమిద్దరం నవ్వాపుకోలేక దారాలు తెంపుకున్న రోజు. అన్నీ తిరిగి తిరిగి చివరికి నా వేలు దగ్గరికి వచ్చేవి. అది నేను చెప్పకుండా ఉండలేను.

"ఆ రోజు నువ్వు పరిగెత్తుకొచ్చి మగ్గం ఆపకపోతే నా చెయ్యి మొత్తం పళ్ళచక్రాల్లోకి పోయేది కదే. నాకు స్పృహ తప్పింది. కళ్ళు తెరిస్తే ఆస్పత్రి మంచం పక్కన నీ మొహం. ఈ చెయ్యి నీదే అనుకుంటాను నేను."

"ఊ... అబ్బ, ఆ రోజు మర్చిపోతామా!" అనేది చిలక.

పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు, మిల్లు పోయింది. ఎప్పుడు మనసు బాగోకపోయినా ఎడమచెయ్యి చూసుకునేదాన్ని. నాకోసం పరిగెత్తుకొచ్చిన మనిషి ఒకతి ఉంది ఈ లోకంలో అనుకునేదాన్ని. ఆ ధీమా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు, కన్నకొడుకుతో సహా.

ఒకరోజు చిలక తనంతట తనే అంది. "ఎందుకే అక్కడ మాటలు పడుతూ ఉండడం? వచ్చెయ్యి ఇక్కడికి. మా వెనక గది ఖాళీగా పడుంది. ఇద్దరం రెండు కుర్చీలేసుకుని కూర్చుందాం. ఇంకెన్నాళ్ళు బతుకుతాం చెప్పు?"

"నిజంగానే అంటున్నావా?"

"ఛీ, నీతో అబద్ధమేంటే!"

ఆ పూట నేను నేల మీద నడవలేదు. ఆ తర్వాత రోజూ అదే మాట. ఎప్పుడొస్తున్నావే, ఎప్పుడొస్తున్నావే అని.

మా ఇంట్లో కూడా దానికి తగ్గట్టే జరిగింది. మాది చిన్న ఇల్లు. ముందు గది, ఒక పడకగది, కిటికీ ఉన్న నా గది, వంటకి ఒక మూల. మా అబ్బాయి సిటీ బస్సు నడుపుతాడు. వేళాపాళా లేని డ్యూటీలు. పగలు వచ్చి పడుకుంటాడు. కోడలు రెడీమేడ్ షాపులకి చొక్కాలు కుడుతుంది. కుట్టుమిషన్ ముందు గదిలో వెలుతురు లేని మూల ఉండేది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా లైటు వేసుకునేది.

చెవుడున్నవాళ్ళకి తమ గొంతెంత పెద్దదో తెలియదు. నేను చిలకతో మాట్లాడుతుంటే వీధి చివర దాకా వినిపించేదట. ఆ రోజు వాడు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. కోడలు నా గది గుమ్మంలోకి వచ్చి, నేను చూడగలిగేలా ఎదురుగా నిలబడి, "అత్తయ్యా, కాస్త మెల్లగా. ఆయనకి ఇప్పుడే నిద్ర పట్టింది" అంది.

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. కానీ నాకు ఒళ్ళు మండింది. తెరలో చిలక చూస్తుండగా అంది కదా.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. "నేను మా చిలక దగ్గరికి వెళ్ళిపోతున్నాను."

"వెళ్ళిరా అమ్మా, నీకూ కాస్త మార్పుగా ఉంటుంది. ఎన్ని రోజులుంటావు?" అన్నాడు వాడు.

"వెళ్ళిరావడం కాదురా, వెళ్ళిపోవడం. అక్కడ నేను ఎంత గట్టిగా మాట్లాడినా వినేవాళ్ళున్నారు. మీకూ పీడ విరగడవుతుంది."

వాడు చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. కోడలు గిన్నె తీసుకుని స్టవ్ దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, నా వైపే తిరిగి అంది. "నేను మెల్లగా అని మాత్రమే అన్నాను అత్తయ్యా. వెళ్ళిపొమ్మనలేదు."

"నీ గురించి కాదులే అమ్మాయ్" అన్నాను. నా ఆనందంలో నేనున్నాను. ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయని తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆగాలనిపించలేదు.

వాడు రెండ్రోజులు అలిగాడు, తర్వాత ఏ బస్సుకి వెళ్ళాలో కనుక్కొచ్చి సీటు బుక్ చేశాడు. కోడలు నా బట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. నేనే పెద్దమనసు చూపించాను. "ఎలాగూ గది ఖాళీ అవుతుంది, మిషన్ ఇందులో పెట్టుకో. కిటికీ ఉంది, కళ్ళు బాగుపడతాయి" అన్నాను. "మీరు వెళ్ళాక చూద్దాంలెండి" అంది తను. నేను వినలేదు. దగ్గరుండి మరీ మిషన్ ఎత్తించాను. మంచం ముందు గదిలోకి వచ్చింది. నాలుగు రోజుల భాగ్యానికి ఎక్కడ పడుకుంటే ఏంటని పెట్టె మంచం కిందకి తోసి కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం మంచం మీద కూర్చునే చిలకకి ఫోన్ చేశాను. చిలక వాళ్ళ వీధిలో పైపులకోసం రోడ్డు తవ్వుతున్నారు. డ్రిల్లింగ్ మిషన్ మోతకి నా చెవులు కూడా గుయ్యిమంటున్నాయి.

"అచ్చం మన షెడ్డులా ఉందే" అన్నాను.

"ఈ మోతతో చచ్చిపోతున్నాననుకో!" అంది చిలక.

"అయిపోయిందే, అంతా సర్దేశాను. సీటు దొరికింది. వచ్చేవారం నీ ముందుంటాను. గది కూడా ఇచ్చేశాను మా కోడలికి. వెనక గదిలో మంచం ఉందా, మా అబ్బాయిని తెమ్మననా?"

చిలక నవ్వింది. ఎప్పుడూ నవ్వే నవ్వే. "ఉండవే, మా అమ్మాయి ఎందుకో పిలుస్తోంది" అని వేలు కిందికి పోనిచ్చి ఏదో నొక్కింది. తెర మీద మైకు బొమ్మకి గీత పడింది. డ్రిల్లింగ్ మోత ఆగిపోయింది.

కూతురు ఫోన్ వెనక ఎక్కడో నిలబడి ఉండాలి. చిలక తలెత్తి నా నెత్తి మీదుగా చూస్తూ మాట్లాడసాగింది. మొహం మాత్రం నాకు ఎదురుగానే ఉంది. బయట అంత మోతలో కూతురికి వినపడాలి కాబట్టి నోరు బార్లా తెరిచి, ఒక్కొక్క మాటా విడదీసి అంటోంది. అచ్చం మిల్లుమాట. ఇన్నేళ్ళైనా పెదవులు ఏమాత్రం మర్చిపోలేదు.

"అన్నంత పనీ చేసేట్టుందే ఇది."

ఆగింది. కూతురేదో అన్నట్టుంది.

"నేనేం నిజంగా రమ్మన్నానా? ఫోన్లో మాటవరసకి వంద అంటాం. ఇలా పెట్టె సర్దుకుని కూర్చుంటుందని నాకేం తెలుసు?"

మళ్ళీ ఆగింది.

"నేను చెప్పలేను, నువ్వే చెప్పు. వెనక గదిలో మీ అత్తగారి సామాను పెట్టారని చెప్పు. ఇది వచ్చి కూర్చుంటే ఆ వేలు పురాణం రోజూ వినాలి. నేను వినలేను తల్లీ."

కూతురు ఈసారి ఏదో ప్రశ్న అడిగినట్టుంది. చిలక చెయ్యి విసిరింది.

"నేనెక్కడ ఆపానే! మగ్గం ఆపింది ఆ ఊడ్చే ముసలామె. సూపర్‌వైజర్ తోడు వెళ్ళమంటే ఆస్పత్రికి వెళ్ళాను, ఆ పూటకి పని తప్పుతుంది కదా అని. ఇది మొదటినుంచీ నేనే అనుకుంటోంది. ఊ అంటే పోలా అని ఊ అంటున్నాను. ఇప్పుడు కాదంటే బాగుంటుందా?"

నేను మొహం తిప్పుకోలేదు. చెయ్యి అడ్డం లేదు మరి. ఆ బటన్ ఉంది కదా అని నమ్మి చెయ్యి సంగతే మర్చిపోయింది. మోతలో మాట్లాడడం మా ఇద్దరికీ ఒకే చోట అలవాటైందన్న సంగతి కూడా మర్చిపోయింది. మా కోడలు మిల్లు మొహం ఎన్నడూ చూడలేదు. అయినా దానికి వీపు తిప్పాలని తెలుసు.

మైకు బొమ్మ మీద గీత పోయింది. డ్రిల్లింగ్ మోత మళ్ళీ వచ్చింది.

"ఆ, ఏమంటున్నావే పుల్లా? ఎప్పుడొస్తున్నావన్నావు?"

"చూసి చెప్తానే. కాస్త తలనొప్పిగా ఉంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. తల కొట్టేసినట్టు ఉంది నాకు. రావద్దన్నందుకు కాదు. ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి. కూతురి ఇంట్లో తలదాచుకునే మనిషి ఇంకొకళ్ళకి గది ఇవ్వలేదని నాకు మాత్రం తెలియదా? తెలుసు, తెలియనట్టు ఉన్నాను. కానీ ఆ వేలు... ఇన్నేళ్ళు పట్టుకుని వేలాడిన ధీమా కాస్తా గాలికి పోయింది. ఆ ఊడ్చే ఆమెని గుర్తు తెచ్చుకుందామని చూశాను. రోజూ నా మగ్గం కింద దూది ఊడ్చిన మనిషి. ఎంత తలుచుకున్నా వంగిన వీపు తప్ప మొహం రాలేదు. పేరు అసలే రాలేదు. చిలకని తిట్టుకున్నాను, నోరారా తిట్టుకున్నాను. తిట్టినా కడుపుమంట చల్లారలేదు.

ఇంట్లో మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అంత దూరం బస్సులో కూర్చోలేనన్నాను. మా అబ్బాయి తెరిపిన పడ్డట్టు ఊపిరి పీల్చుకుని సీటు రద్దు చేయించాడు. కోడలు మాత్రం నా మొహంలోకి చూసింది. మోకాళ్ళ వైపు చూడలేదు.

"మిషన్ మళ్ళీ బయటికి తీయించేస్తాను అత్తయ్యా. మీ గది మీరు తీసుకోండి."

"ఎందుకు, ఉండనీ. ఇచ్చింది వెనక్కి తీసుకునేదాన్ని కాదు నేను."

ఆ మాట పొగరుగా వచ్చిందని నాకే తెలిసింది. తను ఏదో అనబోయి, గోడ వైపు తిరిగి అంది. ఏమందో నాకు తెలియదు. తిట్టిందో, జాలిపడిందో. ఆ రోజు ఏదైనా ఒకటే అనుకున్నాను. ఇప్పటికీ ముందు గదిలోనే పడుకుంటున్నాను. తలుపు తీస్తే ఎండ మొహం మీద పడుతుంది. వచ్చినవాళ్ళు నా కాళ్ళ దగ్గర కూర్చుంటారు.

వారం గడిచాక చిలకే ఫోన్ చేసింది. తవ్వకం పని అయిపోయినట్టుంది, వాళ్ళ వీధి నిశ్శబ్దంగా ఉంది.

"ఏమనుకోకే పుల్లా. ఎలా చెప్పాలో తెలియడం లేదు. వెనక గదిలో మా అమ్మాయి అత్తగారి సామానంతా తెచ్చి పడేశారు. కాలు పెట్టడానికి లేదు."

"అలాగా" అన్నాను.

"నువ్వొస్తావని ఎంత ఆశపడ్డానో తెలుసా? రాత్రుళ్ళు నిద్ర కూడా పట్టలేదు."

"నాకూ పట్టలేదులే."

చిలక మొహం తేలికపడింది. నేను గొడవ చేస్తాననుకుందేమో. ఇంత సులువుగా తేలిపోయేసరికి నామీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చినట్టుంది. కుర్చీ ముందుకి లాక్కుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుంది.

"అలా మొహం ముడుచుకోకే. రా, మన మిల్లు కబుర్లు చెప్పుకుందాం. నీ వేలు సంగతి చెప్పు. ఆ రోజు నేను పరిగెత్తుకొచ్చాను కదా... చెప్పవే, నువ్వు చెప్తుంటే బాగుంటుంది."

అడిగి మరీ చెప్పించుకుంటోంది. నాకు పెట్టే ముష్టి అది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను కానీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. నెమ్మదిగా చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యి. వేళ్ళన్నీ ఉన్న చెయ్యి.

చిలక పకపకా నవ్వింది. "ఇదేంటే కొత్తగా! ఉన్నది మనిద్దరమేగా, ఎవరికి అడ్డం?"

నేను చెయ్యి తియ్యలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాను.

నవ్వు సగంలో ఆగింది. చిలక కళ్ళు నన్ను వదిలి కిందికి, తెర చివరికి దిగాయి, ఆ బటన్ ఉండే చోటికి. అక్కడే చాలాసేపు ఉండిపోయాయి. తర్వాత దాని చెయ్యి కూడా మెల్లగా లేచి నోటి మీదికి వచ్చింది. అది అడ్డమో, నోరు నొక్కుకోవడమో నాకు తెలియదు. ముసలివాళ్ళం ఇద్దరం నోళ్ళు మూసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. ఎవరు ముందు ఫోన్ పెట్టేశారో గుర్తులేదు.

మళ్ళీ మాట్లాడుకోలేదు. గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మ మాత్రం వస్తూనే ఉంది.

ఆ రోజు నేను చెయ్యి వెనక ఏమన్నానో అని చిలక ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటుంది. దాని సంగతి నాకు తెలుసు. నిజానికి నేనేమీ అనలేదు. నా పెదవులు కదలనే లేదు.